బీజీయ భిన్నాలను సూక్ష్మీకరించడం, తీసివేయడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలోనైనా, విజయవాడ సత్యనారాయణపురంలోనైనా, పదో తరగతి విద్యార్థి నోటుపుస్తకంలో బీజీయ భిన్నాల తీసివేత ఉన్న పేజీ తెరిచి చూస్తే తప్పులు ఎక్కువగా రెండు చోట్లే కనిపిస్తాయి. కూడికలో ఉన్న పదాన్ని గుణకారంలో ఉన్నట్టు భావించి పైనా కిందా కొట్టివేయడం మొదటిది. రెండో భిన్నం ముందున్న మైనస్ గుర్తును ఆ లవంలోని మొదటి పదానికి మాత్రమే వర్తింపజేసి, మిగిలిన పదాలను పాత గుర్తులతోనే వదిలేయడం రెండోది. సూత్రాలు రాకపోవడం వల్ల ఈ తప్పులు జరగవు. సూత్రాలన్నీ అప్పజెప్పగల పిల్లలు కూడా ఇవే తప్పులు చేస్తారు. కారణాంకాలుగా విడగొట్టక ముందే కొట్టివేతకు, బ్రాకెట్ పెట్టక ముందే తీసివేతకు దిగడమే అసలు కారణం. అందుచేత ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో పనుల వరుసకే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నాను. ఆ వరుస తప్పకుండా నడిస్తే ఎంత పెద్ద లెక్క అయినా చిన్న చిన్న పనులుగా విడిపోతుంది.

చలరాశికి ఈ వ్యాసంలో ‘య’ అనే అక్షరం వాడుతున్నాను. మీరు నోటుపుస్తకంలో ఎక్స్ అని రాసుకోవచ్చు. తెలియని రాశిని అక్షరంతో సూచించడం మన గణితంలో పాత అలవాటే. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని మొదటి రాశిని ‘యావత్తావత్’ అని పిలిచి, దాన్ని ‘యా’ అని కుదించి రాశాడు.

ముందుగా చేతిలో ఉండవలసినవి

లవంలోనూ హారంలోనూ బహుపదులున్న భిన్నాన్నే ఇక్కడ బీజీయ భిన్నం అంటున్నాము. దానితో పని మొదలుపెట్టాలంటే మీకు కారణాంక విభజన ధారాళంగా రావాలి. ఉమ్మడి కారణాంకాన్ని బయటికి తీయడం, రెండు వర్గాల భేదాన్ని మొత్తం, భేదాల లబ్ధంగా రాయడం, సంపూర్ణ వర్గాన్ని గుర్తుపట్టడం, మధ్యపదాన్ని విడగొట్టి వర్గ బహుపదిని రెండు కారణాంకాలుగా రాయడం అనే నాలుగూ వస్తే, పదో తరగతి స్థాయిలో ఎదురయ్యే లెక్కలన్నిటికీ దాదాపు సరిపోతుంది. వీటిలో ఏది తడబడినా భిన్నాల జోలికి వెళ్లకుండా ముందు దాన్నే సరిచేసుకోండి. విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో తొమ్మిది, పది తరగతుల పాత గణిత పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. వాటిలోని కారణాంకాల అభ్యాసాలు రోజుకు పది చొప్పున చేస్తూ పోతే చేయి తిరుగుతుంది.

సూక్ష్మీకరణం: విడగొట్టిన తరువాతే కొట్టివేత

ఒక భిన్నాన్ని సూక్ష్మీకరించడమంటే, దాని విలువ మారకుండా లవహారాలను వీలైనంత చిన్నవిగా రాయడం. లవాన్నీ హారాన్నీ సున్నా కాని ఒకే రాశితో భాగిస్తే భిన్నం విలువ మారదన్న నియమం ఒక్కటే దీనికి ఆధారం. ‘భాగించడం’ అన్న మాటను ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే భాగహారం లవమంతటికీ, హారమంతటికీ జరగాలి తప్ప వాటిలోని ఏదో ఒక పదానికి మాత్రమే జరిగితే చాలదు. ఈ భిన్నాన్ని తీసుకోండి.

(య² − 9)/(య² + 5య + 6)

పైనా కిందా య² కనిపించగానే రెండింటినీ కొట్టివేసి −9/(5య + 6) అని రాసేవారు చాలామంది ఉన్నారు. అది సరైనదేనా అని తెలుసుకోవడానికి య స్థానంలో 1 పెట్టి చూడండి. అసలు భిన్నం విలువ −8/12, అంటే −2/3 అవుతుంది. కొట్టివేసి రాసిన దాని విలువ −9/11. రెండూ ఒకటి కావు. య² అనేది ఇక్కడ లవంలో ఒక పదం మాత్రమే, లవానికి కారణాంకం కాదు. కాబట్టి దాన్ని తీసివేసే హక్కు మనకు లేదు. ఇప్పుడు వరుస ప్రకారం చేద్దాం. లవం రెండు వర్గాల భేదం కనుక (య − 3)(య + 3) అవుతుంది. హారంలో లబ్ధం 6, మొత్తం 5 వచ్చే సంఖ్యలు 2, 3 కనుక అది (య + 2)(య + 3) అవుతుంది.

(య − 3)(య + 3)/[(య + 2)(య + 3)] = (య − 3)/(య + 2)

ఇప్పుడు కొట్టివేసిన (య + 3) లవమంతటినీ గుణిస్తున్న కారణాంకం, హారమంతటినీ గుణిస్తున్న కారణాంకం కూడా. అందుకే ఈ కొట్టివేత చెల్లుతుంది. య = 1 పెడితే −2/3 వస్తుంది, అసలు విలువతో సరిపోతుంది. జవాబులో ఇంకా రెండు య లు మిగిలాయి కదా అని వాటిని కూడా కొట్టివేయాలన్న ఆశ పుడుతుంది. అవి కూడా పదాలే కనుక అక్కడితో ఆగిపోవాలి.

ఈ సందర్భంలో మరొక జాగ్రత్త చెప్పాలి. హారం సున్నా అయ్యే విలువల దగ్గర భిన్నానికి అర్థం లేదు. పై లెక్కలో య విలువ −2 గానీ −3 గానీ కాకూడదు. సూక్ష్మరూపాన్ని మాత్రమే చూస్తే −3 దగ్గర ఏ అభ్యంతరమూ కనిపించదు, ఎందుకంటే అక్కడ (య − 3)/(య + 2) విలువ 6 అని వస్తుంది. అసలు భిన్నం మాత్రం అక్కడ సున్నా బై సున్నాగా మారి నిర్వచితం కాకుండా పోతుంది. అందువల్ల నిషేధించవలసిన విలువలను కొట్టివేతకు ముందే, కారణాంకాలు రాసిన పంక్తి పక్కనే రాసిపెట్టుకోండి. సమీకరణాలు సాధించేటప్పుడు వచ్చిన మూలాల్లో ఏది చెల్లదో తేల్చేది ఆ చిన్న గమనికే. ఇక ముందు వచ్చే ఉదాహరణల్లో హారాలు సున్నా కావని అనుకుని సాగుదాం. మీరు మాత్రం ప్రతి లెక్కలోనూ రాయండి.

గుణకాలున్నప్పుడు సంఖ్యలను కూడా కారణాంకాలుగానే చూడాలి. (6య² − 12య)/(9య² − 36) లో లవం 6య(య − 2), హారం 9(య − 2)(య + 2). ఉమ్మడిగా ఉన్న 3ను, (య − 2)ను తీసివేస్తే 2య/[3(య + 2)] మిగులుతుంది.

తిరగబడిన కారణాంకాలు

కొన్నిసార్లు లవంలో (5 − య), హారంలో (య − 5) ఉంటాయి. అవి ఒకటి కావు, అలాగని పూర్తిగా వేరు కూడా కావు. ఒకటి రెండోదానికి −1 రెట్లు. కాబట్టి (5 − య)ను −(య − 5)గా రాసుకుంటే పని తేలికవుతుంది.

(5 − య)/(య² − 25) = −(య − 5)/[(య − 5)(య + 5)] = −1/(య + 5)

లవంలో ఉన్నదంతా పోయినప్పుడు అక్కడ 1 మిగులుతుంది, సున్నా కాదు. ఇక్కడ మైనస్‌తో కలిపి −1 మిగిలింది. బహుపదులన్నిటినీ పెద్ద ఘాతం నుంచి చిన్న ఘాతానికి దిగే క్రమంలో రాసే అలవాటు చేసుకుంటే, ఇలాంటి తిరగబడిన జంటలు చూడగానే కంటపడతాయి.

తీసివేత: హారాలు ఒకటే అయినప్పుడు

హారాలు సమానమైతే హారాన్ని అలాగే ఉంచి లవాలను తీసివేయాలి. ఇంత తేలికైన నియమం దగ్గరే మార్కులు ఎక్కువగా పోతాయి.

(5య + 1)/(య + 4) − (2య − 11)/(య + 4)

భిన్నపు గీత ఒక్క భాగహారపు గుర్తు మాత్రమే కాదు. తన పైనున్నదాన్నంతా కలిపి ఉంచే బ్రాకెట్ పని కూడా అదే చేస్తోంది. రెండు భిన్నాలను ఒకే గీత మీదికి తెచ్చినప్పుడు రెండో లవాన్ని కలిపి ఉంచిన ఆ గీత మాయమవుతుంది, కాబట్టి దాని స్థానంలో అసలైన బ్రాకెట్‌ను మీరే పెట్టాలి. అలా పెట్టినప్పుడు లవం (5య + 1) − (2య − 11) అవుతుంది. బ్రాకెట్ విప్పితే 5య + 1 − 2య + 11, అంటే 3య + 12 వస్తుంది.

(3య + 12)/(య + 4) = 3(య + 4)/(య + 4) = 3

బ్రాకెట్ లేకుండా 5య + 1 − 2య − 11 అని రాసినవారికి (3య − 10)/(య + 4) వస్తుంది, అది ఎక్కడికీ సూక్ష్మం కాకుండా ఆగిపోతుంది. బ్రాకెట్ పెట్టే పంక్తిని, విప్పే పంక్తిని వేర్వేరుగా రాయండి. నోట్లో లెక్కలు చకచకా చేయగల పిల్లలు ఆ రెండు పంక్తులను ఒకటిగా కలిపేయడానికి ఇష్టపడతారు. పరీక్షలో దానివల్ల మిగిలే సమయం చాలా స్వల్పం, పోయే మార్కులు మాత్రం ఎక్కువ. రెండో లవంలో ఒకే పదం ఉన్నా సరే, బ్రాకెట్ పెట్టే అలవాటు మానకండి.

హారాలు వేరైనప్పుడు: క.సా.గు.

హారాలు వేరుగా ఉంటే ఉమ్మడి హారం కావాలి. రెండు హారాలనూ గుణించి పారేస్తే ఒక ఉమ్మడి హారం తప్పకుండా దొరుకుతుంది కానీ, అది చాలా సందర్భాల్లో అవసరానికి మించి పెద్దదవుతుంది. దానికి బదులు కనిష్ఠ సామాన్య గుణిజాన్ని వాడడం మేలు. సంఖ్యా భిన్నాల కూడికలో, తీసివేతలో ఈ మార్గాన్ని 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు తన గణితసార సంగ్రహంలో చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. బహుపదులకు వచ్చేసరికి చేయవలసింది అదే: ప్రతి హారాన్నీ కారణాంకాలుగా రాసి, కనిపించిన ప్రతి కారణాంకాన్నీ దాని అత్యధిక ఘాతంతో ఒక్కసారి తీసుకోవాలి.

చిన్న ఉదాహరణతో మొదలుపెడదాం. 5/(6య) − 3/(4య²) లో 6, 4 ల క.సా.గు. 12, య, య² లలో పెద్ద ఘాతం య². ఉమ్మడి హారం 12య². మొదటి భిన్నాన్ని పైనా కిందా 2య తోనూ, రెండోదాన్ని 3 తోనూ గుణించాలి.

10య/(12య²) − 9/(12య²) = (10య − 9)/(12య²)

అసలైన పరీక్ష కింది లెక్కలో ఉంది. దీన్ని తొందర లేకుండా కాగితం మీద నాతోపాటు చేయండి.

(య + 5)/(య² + 3య + 2) − (య − 1)/(య² + 5య + 6)

మొదటి పనిగా హారాలను విడగొట్టండి. మొదటి హారం (య + 1)(య + 2), రెండోది (య + 2)(య + 3). లవాలు రెండూ ఇప్పటికే విడదీయలేని రూపంలో ఉన్నాయి, ఏ భిన్నమూ విడిగా సూక్ష్మం కాదు. ఒకవేళ అయ్యేట్టుంటే తీసివేతకు ముందే దాన్ని సూక్ష్మీకరించుకోవాలి, అప్పుడు ఉమ్మడి హారం చిన్నదవుతుంది.

రెండో పనిగా క.సా.గు. రాయండి. (య + 2) రెండు హారాల్లోనూ ఉన్నా ఒక్కసారే తీసుకోవాలి, కాబట్టి ఉమ్మడి హారం (య + 1)(య + 2)(య + 3) అవుతుంది.

మూడో పనిగా, ప్రతి భిన్నానికీ ‘ఉమ్మడి హారంలో నా హారానికి లేనిది ఏది?’ అని అడిగి చూడండి. మొదటిదానికి (య + 3) లేదు, రెండోదానికి (య + 1) లేదు. లేని కారణాంకంతో ఆయా లవాలను గుణించాలి. హారాన్ని పెంచి లవాన్ని పెంచడం మరిచిపోతే భిన్నం విలువే మారిపోతుంది.

[(య + 5)(య + 3) − (య − 1)(య + 1)]/[(య + 1)(య + 2)(య + 3)]

నాలుగో పనిగా లవాన్ని మాత్రమే విస్తరించండి, హారాన్ని ముట్టుకోకండి. మొదటి లబ్ధం య² + 8య + 15, రెండో లబ్ధం య² − 1. రెండోదాన్ని బ్రాకెట్‌లోనే ఉంచి, తరువాతి పంక్తిలో విప్పాలి.

య² + 8య + 15 − (య² − 1) = య² + 8య + 15 − య² + 1 = 8య + 16

ఐదో పనిగా, వచ్చిన లవాన్ని మళ్లీ విడగొట్టండి. అది 8(య + 2). హారంలో (య + 2) ఎదురుచూస్తూనే ఉంది, కాబట్టి దాన్ని కొట్టివేయవచ్చు.

8(య + 2)/[(య + 1)(య + 2)(య + 3)] = 8/[(య + 1)(య + 3)]

హారాన్ని చివరిదాకా కారణాంకాల రూపంలోనే ఉంచమని చెప్పడానికి కారణం ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. ఉమ్మడి హారాన్ని విస్తరించి మూడో ఘాతపు బహుపదిగా రాసి ఉంటే, అందులో (య + 2) దాగి ఉందన్న సంగతి కంటికి కనిపించేది కాదు. క.సా.గు. తీసుకోకుండా రెండు హారాలనూ నేరుగా గుణించినవారికి లవంలో 8య² + 32య + 32 వస్తుంది. అది 8(య + 2)² అని గుర్తుపట్టి రెండుసార్లు కొట్టివేస్తే అదే జవాబు చేరుతుంది కానీ, అంతవరకు రావడానికి మూడో ఘాతపు బహుపదులను రెండుసార్లు విస్తరించవలసి వస్తుంది. మార్గం తప్పు కాకపోయినా, తప్పు జరిగే అవకాశాలు మాత్రం పెరుగుతాయి.

ఒకే కారణాంకం వేర్వేరు ఘాతాలతో ఉంటే పెద్ద ఘాతాన్నే తీసుకోవాలి. 3/(య − 1)² − 2/(య² − 1) లో ఉమ్మడి హారం (య − 1)²(య + 1). లవం 3(య + 1) − 2(య − 1), అంటే య + 5. జవాబు (య + 5)/[(య − 1)²(య + 1)].

హారాలు తిరగబడి ఉంటే క.సా.గు. వెతికే పనే లేదు. 7/(య − 3) − 2/(3 − య) లో రెండో హారం −(య − 3). ఆ మైనస్ బయటి మైనస్‌తో కలిసి ప్లస్ అవుతుంది కనుక 7/(య − 3) + 2/(య − 3), అంటే 9/(య − 3) వస్తుంది. ఒక సంఖ్య నుంచి భిన్నాన్ని తీసివేయవలసి వస్తే ఆ సంఖ్య కింద 1 ఉందనుకోండి: 2 − (య − 5)/(య + 1) లో లవం 2(య + 1) − (య − 5), జవాబు (య + 7)/(య + 1).

జవాబును మీరే సరిచూసుకోవడం

జవాబు సరైనదో కాదో చెప్పడానికి వెనుక పేజీ అవసరం లేదు. య స్థానంలో ఒక చిన్న సంఖ్య పెట్టి, ప్రశ్న విలువ, జవాబు విలువ పోల్చి చూడండి. పెద్ద ఉదాహరణలో య = 0 పెడితే ప్రశ్న 5/2 + 1/6, అంటే 8/3 అవుతుంది; జవాబు 8/(1 × 3), అంటే 8/3. ఈ లెక్కకు 1ని ఎంచుకోవడం అంత మంచిది కాదు, ఎందుకంటే అక్కడ రెండో భిన్నం లవం సున్నా అయిపోతుంది, దాని హారాన్ని ఎత్తిరాయడంలో పొరపాటు జరిగి ఉంటే అది బయటపడదు. హారాన్ని సున్నా చేసే సంఖ్యలను ఎటూ వాడలేము. రెండు విలువలూ కలవకపోతే జవాబు కచ్చితంగా తప్పు. ఒక సంఖ్య దగ్గర కలిసినంత మాత్రాన ఒప్పని రుజువు కాదు కనుక, సమయం ఉంటే రెండో సంఖ్యతో కూడా చూడండి. చిత్తు పనికి వదిలిన స్థలంలో అర నిమిషంలో ముగిసే పని ఇది, పరీక్షలో తప్పక చేయమని ప్రతి విద్యార్థికీ చెబుతాను.

ఈ తీసివేత ఎక్కడ అవసరపడుతుంది

కాలం, వేగాల లెక్కల్లో ఇది తరచుగా వస్తుంది. విజయవాడ నుంచి మంగళగిరి మీదుగా గుంటూరుకు 30 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. లెక్క సులువు కోసం 36 అనుకుందాం. ఒక రైలు గంటకు య కిలోమీటర్ల వేగంతో, మరొకటి దానికన్నా గంటకు 12 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వెళితే, ప్రయాణ కాలాల్లో తేడా గంటల్లో ఇలా ఉంటుంది.

36/య − 36/(య + 12) = [36(య + 12) − 36య]/[య(య + 12)] = 432/[య(య + 12)]

ఆ తేడా అరగంట అని ఇస్తే య(య + 12) = 864, అంటే య² + 12య − 864 = 0 అవుతుంది. దీన్ని (య + 36)(య − 24) = 0 గా విడగొట్టవచ్చు. వేగం రుణాత్మకం కాదు కనుక య = 24. మొదటి రైలుకు గంటన్నర, రెండోదానికి గంట పడుతుంది. పదో తరగతి వర్గ సమీకరణాల పాఠంలో వచ్చే పడవ, రైలు, పని లెక్కల్లో చాలా వాటికి మూలం ఇలాంటి తీసివేతే. సమీకరణం రాయగలిగి కూడా ఈ మెట్టు దగ్గర ఆగిపోయే పిల్లలను చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే కష్టమైన ఆలోచన వాళ్లు అప్పటికే చేసేశారు.

ఇంటర్‌లో గణితం తీసుకునేవారికి ఇది మరో రూపంలో ఎదురవుతుంది. 1/య కు అవకలజాన్ని, అంటే య మారేకొద్దీ దాని విలువ మారే రేటును, మూలసూత్రం నుంచి కనుక్కోవాలంటే ముందు 1/(య + హ) − 1/య విలువ కావాలి; ఇక్కడ హ అంటే య లో వచ్చే చిన్న మార్పు. లవం య − (య + హ), అంటే −హ; కాబట్టి తేడా −హ/[య(య + హ)]. దాన్ని హ తో భాగించి, హ ను సున్నాకు చేరనిస్తే −1/య² వస్తుంది. ఆ లవంలో బ్రాకెట్ మరిచిపోతే య − య + హ అని రాసి, చివరి జవాబు గుర్తునే తలకిందులు చేసుకుంటారు.

సాధనకు నాలుగు లెక్కలు

కింది నాలుగింటినీ జవాబులు చూడకుండా చేసి, ప్రతి జవాబునూ ఒక సంఖ్య పెట్టి సరిచూసుకోండి.

ఒకటి: (2య² − 8)/(య² + 4య + 4)
రెండు: 4/(య − 2) − 3/(య + 5)
మూడు: య/(య² − 1) − 1/(2య − 2)
నాలుగు: 3/(య² − 9) − 1/(2య − 6)

మొదటిదానికి 2(య − 2)/(య + 2), రెండోదానికి (య + 26)/[(య − 2)(య + 5)], మూడోదానికి 1/[2(య + 1)] రావాలి. నాలుగోదానిలో ఉమ్మడి హారం 2(య − 3)(య + 3). లవం 6 − (య + 3), అంటే 3 − య. అక్కడ ఆగిపోకుండా దాన్ని −(య − 3)గా తిప్పి రాస్తే హారంలోని (య − 3)తో పాటు కొట్టివేయబడి −1/[2(య + 3)] మిగులుతుంది. య = 0 పెడితే ప్రశ్న −1/3 + 1/6, జవాబు −1/6; రెండూ సమానమే.